ఒంటరి క్యాంపింగ్: ముందు మ్యాట్, తర్వాతే స్లీపింగ్ బ్యాగ్

అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలోని లంబసింగికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. రాత్రి బయట ఉండిపోయిన మనిషి తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరు పెట్టారని స్థానికులు చెబుతారు. సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న ఆ ఊళ్లో డిసెంబరు, జనవరి రాత్రుళ్లు పది డిగ్రీల లోపుకు పడిపోవడం మామూలే. కొన్ని రాత్రులు సున్నాకు దగ్గరగా కూడా వెళ్తుంది. అక్కడికో, పాడేరు దగ్గర వంజంగికో మబ్బుల సముద్రం చూడ్డానికి ఒంటరిగా టెంటు వేసుకుని వెళ్లేవాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. కవర్ మీద మైనస్ ఐదు అని రాసి ఉన్న స్లీపింగ్ బ్యాగ్ కొనుక్కుని వెళ్తారు. తీరా ఎనిమిది డిగ్రీల చలికే తెల్లవారుజామున మూడింటికి లేచి కూర్చుంటారు. బ్యాగ్ మోసం చేసిందనుకుంటారు. అది కొన్నిసార్లు నిజమే. కానీ ఎక్కువసార్లు తప్పంతా బ్యాగ్ కింద పరిచినదానిది.

స్లీపింగ్ బ్యాగ్‌కు సొంతంగా వేడి ఉండదు. నిద్రలో మనిషి ఒళ్లు సుమారు 70 వాట్ల వేడిని వదులుతుంది, అంటే పాతకాలపు అరవై క్యాండిళ్ల బల్బుకు కాస్త ఎక్కువ. బ్యాగ్‌లోని దూదిలాంటి పదార్థం గాలిని కదలకుండా పట్టుకుంటుంది, ఆ గాలి ఈ వేడిని బయటికి పోనివ్వదు. పొంగి ఉన్నంతసేపే దాని పని. మనం పడుకోగానే వీపు కింద, పిరుదుల కింద ఉన్న భాగం మన బరువుకి నలిగి కాగితంలా పలచబడుతుంది. గాలి లేకపోతే రక్షణా లేదు. పైనుంచి ఎంత మందంగా కప్పుకున్నా కిందినుంచి వేడి నేలలోకి దిగిపోతూనే ఉంటుంది. నేల ఎంతిచ్చినా తాగుతుంది. అందుకే డబ్బు ఖర్చు పెట్టేటప్పుడు మొదట మ్యాట్ గురించి ఆలోచించాలి, బ్యాగ్ తర్వాత.

ఒంటరిగా వెళ్లేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. ఇద్దరుంటే టెంటులో రెండు ఒళ్ల వేడి ఉంటుంది, ఒకరి మ్యాట్ పంక్చరైతే సర్దుకోవచ్చు, సామాను పంచుకోవచ్చు. ఒక్కరే అయితే టెంటు, పొయ్యి, నీళ్లు, తిండి అన్నీ ఒక్క వీపు మీదే. యాభై లీటర్ల బ్యాక్‌ప్యాక్‌లో పడక సామానుకు మూడో వంతు, బరువులో రెండు కిలోల లోపు, అదీ లెక్క. పాడైతే ఆదుకునే మనిషి లేడు కాబట్టి, పాడయ్యే అవకాశం తక్కువున్న వస్తువుకే ఓటు వేయాలి.

మ్యాట్‌లో చూడాల్సిన అంకె

మ్యాట్ ఎంత వేడిని ఆపుతుందో చెప్పే అంకెను ఆర్ వాల్యూ అంటారు. అంకె పెరిగేకొద్దీ కింది చలి తగ్గుతుంది. ఒకప్పుడు ఏ కంపెనీకి ఆ కంపెనీ తనకు తోచిన పద్ధతిలో కొలిచేది. 2018లో ఏఎస్‌టీఎం ఎఫ్3340 అనే ప్రమాణం వచ్చాక, దాని ప్రకారం కొలిచిన మ్యాట్‌లను ఒకదానితో ఒకటి పోల్చుకోవచ్చు. రాత్రి ఉష్ణోగ్రత పది డిగ్రీల పైన ఉండే చోట్లకు ఒకటి నుంచి రెండు చాలు. సున్నాకూ పదికీ మధ్య అయితే రెండు నుంచి నాలుగు. సున్నా కంటే కిందికి పోతే నాలుగున్నర, ఐదు, ఆపైన. చలి మరీ ముదరని రాత్రుల్లో వికారాబాద్ అనంతగిరి కొండలకు మొదటిది సరిపోతుంది. లంబసింగి డిసెంబరుకు రెండోది. ఉత్తరాఖండ్‌లో కేదార్‌కంఠ లాంటి శీతాకాలపు ట్రెక్కులకు మూడోది లేకుండా బయల్దేరవద్దు.

అంకె రాయని మ్యాట్‌ను ఎలా అంచనా వేయాలి? చాపలా చుట్టే పది మిల్లీమీటర్ల ఫోమ్ మ్యాట్‌కు ఒకటికీ ఒకటిన్నరకూ మధ్య ఉంటుంది. గుడ్లు పెట్టే అట్టలాగా గుంతలు గుంతలుగా ఉండి, మడతలు పడే ఫోమ్ మ్యాట్‌కు రెండు దాకా వస్తుంది. ఇక అందరూ బోల్తా పడేది గాలి పరుపు దగ్గరే. ఎనిమిది సెంటీమీటర్ల మందంతో మెత్తగా ఉంటుంది, చూడగానే ఇంకేం చలి అనిపిస్తుంది. కానీ లోపల ఏ పొరా లేని ఉత్త గాలి పరుపుకు ఆర్ వాల్యూ ఒకటి చుట్టూనే. లోపల గాలి స్వేచ్ఛగా తిరుగుతుంది కాబట్టి మన ఒంటి వేడిని తీసుకెళ్లి నేలకు అప్పజెబుతూ ఉంటుంది. అదే పరుపులో వేడిని వెనక్కి పంపే మెరుపు పొరో, సన్నటి దూది పొరో ఉంటే మూడు, నాలుగు, ఇంకా పైకి కూడా పోతుంది. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. ఆర్ వాల్యూ రాయని గాలి పరుపును ఒకటి అనుకునే కొనండి.

ఇంకో మేలైన సంగతి, ఈ అంకెలను కూడవచ్చు. ఆర్ రెండున్న ఫోమ్ మీద ఆర్ మూడున్న గాలి మ్యాట్ వేస్తే మొత్తం ఐదు. ఒంటరి ప్రయాణానికి ఈ జోడీకే నా ఓటు. గాలి మ్యాట్ రాత్రి పంక్చరైనా ఫోమ్ మిగులుతుంది. నిద్ర సరిగా పట్టకపోవచ్చు గానీ ప్రమాదం ఉండదు. బరువు మరీ ఎక్కువనిపిస్తే నాలుగైదు మిల్లీమీటర్ల పలచని ఫోమ్ షీటునైనా అడుగున వేయండి, నూట యాభై గ్రాముల లోపే ఉంటుంది. పగలు కూర్చోడానికీ పనికొస్తుంది.

అడుగున ఏదో ఒకటి ఉండి తీరాలనడానికి మన నేలల్లో ఇంకో కారణం ఉంది. పల్లేరు కాయలు. గడ్డిలో కలిసిపోయి కంటికి కనపడవు, టెంటు అడుగు బట్టను దాటి నేరుగా మ్యాట్‌లోకి దిగుతాయి. తుమ్మ ముళ్లు, రేగు ముళ్లు కూడా అంతే. గండికోట లాంటి రాతి నేల మీద ముళ్లు తక్కువైనా రాతి పలుకులు ఉంటాయి. టెంటు వేసే ముందు ఆ స్థలాన్ని చెప్పులతో కాదు, అరచేత్తో నెమ్మదిగా తడిమి చూడండి. కాలికి తెలియనిది చేతికి తెలుస్తుంది.

గాలి నింపడంలోనూ పద్ధతుంది. నోటితో ఊదితే ఊపిరిలోని తేమ లోపలే ఉండిపోయి బూజు పడుతుంది. గడ్డకట్టే చలిలో అదే తేమ లోపల మంచై, లోపలి పొరను దెబ్బతీస్తుంది. మ్యాట్‌తో వచ్చే పంపు సంచీ వాడండి. మొదట గట్టిగా నింపి, పక్కకు తిరిగి పడుకుని, వాల్వును కొద్దికొద్దిగా వదలండి. తుంటి ఎముక నేలకు తగిలీ తగలనట్టు దిగి, తగలకుండా ఆగే చోట వాల్వు మూసేయండి. ఆ కొలతే హాయిగా ఉంటుంది. బండరాయిలా నింపిన మ్యాట్ మీద భుజాలు తిమ్మిరెక్కుతాయి, కాస్త కదిలితే పక్కకు జారిపోతారు. ఇంకో మాట. పాతిక డిగ్రీల సాయంత్రం నింపిన మ్యాట్ పది డిగ్రీల అర్ధరాత్రికి మెత్తబడుతుంది. చల్లబడిన గాలి సుమారు ఐదు శాతం కుంచించుకుపోతుంది కాబట్టి అలా అవుతుంది. చిల్లు పడిందని కంగారు పడనక్కర్లేదు. పడుకునే ముందు రెండు మూడు సార్లు గాలి కొట్టి చూడండి. మళ్లీ గంటలో నేలకు తగిలితే అప్పుడు పంక్చరనుకోవాలి.

పంక్చరైతే సబ్బు నీళ్లు రాసి బుడగలు ఎక్కడ వస్తున్నాయో చూడాలి. సైకిల్ షాపులో చూసిన పనే. ఆ చోటు చుట్టూ పెన్నుతో గీసి, గాలంతా తీసి, స్పిరిట్‌తో తుడిచి, పూర్తిగా ఆరాక ప్యాచ్ అతికించి బరువు పెట్టాలి. తడి మీద అతికించిన ప్యాచ్ తెల్లారేలోపు ఊడిపోతుంది.

మ్యాట్ వెడల్పు దగ్గర చాలామంది గ్రాముల కోసం నిద్ర పోగొట్టుకుంటారు. మామూలు మ్యాట్ 51 సెంటీమీటర్లు. వెల్లకిలా కదలకుండా పడుకునేవాళ్లకు సరే. పక్కకు తిరిగి, మోకాళ్లు ముడుచుకుని పడుకునే అలవాటుంటే 63, 64 సెంటీమీటర్లది తీసుకోండి. నూరు గ్రాములో ఇంకాస్తో పెరుగుతుంది, మోసినా పర్వాలేదు. పక్కకు తిరిగి పడుకునేవాళ్లకు మందం కనీసం ఏడెనిమిది సెంటీమీటర్లు కావాలి. ఉత్త ఫోమ్ మీద వాళ్లకు తుంటి నొప్పి తప్పదు. వెల్లకిలా పడుకునేవాళ్లకు, ఇంట్లో చాప మీద పడుకోవడం అలవాటున్నవాళ్లకు ఫోమ్ ఒక్కటే చాలు. వాళ్లు దాంతోనే వెళ్లడం మేలు. అది ఎప్పటికీ పంక్చర్ కాదు, కొన్ని వందల రూపాయల్లో వస్తుంది.

బ్యాగ్ మీద మూడు అంకెలు

పేరున్న బ్యాగుల మీద మూడు ఉష్ణోగ్రతలు ఉంటాయి: కంఫర్ట్, లిమిట్, ఎక్స్‌ట్రీమ్. సెన్సర్లు పెట్టి వేడెక్కించిన బొమ్మ మనిషిని బ్యాగులో పడుకోబెట్టి ఐఎస్ఓ 23537 ప్రమాణం ప్రకారం కొలుస్తారు. అంతకు ముందు యూరప్ ప్రమాణం ఈఎన్ 13537 ఉండేది, పాత బ్యాగుల మీద ఇప్పటికీ అదే కనిపిస్తుంది. మామూలు స్త్రీ ఒళ్లు సడలించి హాయిగా నిద్రపోగలిగే ఉష్ణోగ్రత కంఫర్ట్. మామూలు పురుషుడు ముడుచుకుని పడుకుని, వణుకు రాకుండా రాత్రి గడపగలిగేది లిమిట్. ఎక్స్‌ట్రీమ్ అంటే ప్రాణం మాత్రం మిగలొచ్చు, ఒళ్లు చల్లబడిపోయే ప్రమాదం ఉంటుంది. కవర్ మీద పెద్దక్షరాల్లో వేసేది చాలాసార్లు లిమిట్, కొన్ని చవకరకాల మీద ఏకంగా ఎక్స్‌ట్రీమ్. మైనస్ ఐదని రాసిన బ్యాగులో ఎనిమిది డిగ్రీలకే చలేయడానికి ఇదీ ఒక కారణం.

ఆడవాళ్లైనా మగవాళ్లైనా కంఫర్ట్ అంకెనే చూడండి. అదీ వెళ్లబోయే చోట రాత్రి ఉండే కనిష్ఠ ఉష్ణోగ్రతకు మూడు నాలుగు డిగ్రీలు కిందిది. రోజంతా నడిచి అలసిపోయినప్పుడు, సరిగా తిననప్పుడు చలి ఎక్కువ వేస్తుంది. పైగా ఈ పరీక్ష చేసేటప్పుడు బొమ్మకు ఒంటినిండా బట్టలు, మేజోళ్లు వేసి, వేడిని బాగా ఆపే మ్యాట్ మీద పడుకోబెడతారు. మీ మ్యాట్ పలచనైతే బ్యాగ్ మీది అంకె మీకు వర్తించదు. మ్యాట్ ముందు అనడానికి ఇంతకంటే సూటి కారణం లేదు.

అమెరికాలో ఉన్న అన్నయ్యో పిన్నిగారి అమ్మాయో తెచ్చిపెట్టిన బ్యాగ్ మీద 20 అని ఉంటే అది ఫారన్‌హీట్. మన లెక్కలో దాదాపు మైనస్ ఏడు. 40 అని ఉంటే నాలుగు డిగ్రీల పైచిలుకు. లంబసింగికి ఆ 40 చాలావరకు సరిపోతుంది, అదీ ఆ అంకె కంఫర్టే అయితే.

ఏ ప్రమాణమూ రాయని బ్యాగును బరువుతో పట్టుకోవచ్చు. సింథటిక్ దూదితో ఐదు డిగ్రీల కంఫర్ట్ రావాలంటే బ్యాగ్ కిలోకు పైనే, తరచూ కిలోంబావు ఉంటుంది. ఏడెనిమిది వందల గ్రాముల పాలిస్టర్ బ్యాగ్ మీద సున్నా డిగ్రీలని రాసి ఉంటే నమ్మవద్దు. డౌన్ అంటే బాతు, గూస్ అనే పెద్ద బాతు లాంటి పక్షుల రొమ్ము దగ్గరి మెత్తటి నూగు. దాంతో చేసిన సున్నా డిగ్రీల కంఫర్ట్ బ్యాగులో ఆ నూగే నాలుగైదు వందల గ్రాములుంటుంది, మొత్తం బ్యాగ్ కిలో లోపు వస్తుంది. డౌన్ నాణ్యతకు ఫిల్ పవర్ అనే అంకె ఉంది. ఒక ఔన్సు నూగు ఎన్ని ఘనపు అంగుళాలు పొంగుతుందో చెబుతుంది. 550 పర్వాలేదు, 650 మంచిది, 800 చాలా తేలిక, చాలా ఖరీదు.

మరి డౌనా, సింథటిక్కా? పొడిగా ఉండే లడఖ్‌కైతే కళ్లు మూసుకుని డౌన్ అనవచ్చు. తూర్పు కనుమల్లో అలా కాదు. మన్యంలో చలికాలపు రాత్రి పొగమంచు టెంటు లోపలికి కూడా వస్తుంది. దానికి తోడు రాత్రంతా మన ఊపిరిలోంచి, చర్మంలోంచి సుమారు పావు లీటరు నీరు ఆవిరవుతుంది. అది టెంటు లోపలి గోడ మీద చుక్కలు కట్టి, కాళ్ల దగ్గర బ్యాగుకు అంటుకుంటుంది. తడిసిన డౌన్ ముద్దకడుతుంది, పొంగడం మానేస్తుంది, ఎండ రాకపోతే ఆరదు. సింథటిక్ తడిసినా కొంత వేడిని నిలుపుతుంది, త్వరగా ఆరుతుంది. ఇలా పొగమంచు కమ్మే కొండల్లో వరసగా రెండు రాత్రులు గడిపేవాళ్లకు సింథటిక్ మేలు. బరువు ఎక్కువైనా ఒక్కరే ఉన్నప్పుడు ఆ భరోసా కావాలి. ఒక్క రాత్రికే వెళ్తే, పొద్దున ఎండలో ఆరబెట్టుకునే ఓపిక ఉంటే డౌన్ తీసుకోవచ్చు.

ఏది తీసుకున్నా సైజు ఒంటికి సరిపోవాలి. మీ ఎత్తుకు పదిహేను, ఇరవై సెంటీమీటర్లు ఎక్కువ ఉంటే చాలు. పొట్టిదైతే పాదాలు చివర నొక్కి అక్కడి దూది నలుగుతుంది, కాలివేళ్లు మొద్దుబారతాయి. మరీ పొడుగైతే ఖాళీ చోటునంతా మీ ఒళ్లే వేడెక్కించాలి. అలాంటి బ్యాగే ఉంటే ఆ ఖాళీలో మర్నాటి బట్టలు కుక్కండి. పొద్దున వెచ్చటి చొక్కా దొరుకుతుంది. తలను కప్పే మమ్మీ ఆకారం చలికి మంచిది, తక్కువ చోటు పడుతుంది. నలుచదరంగా ఉండేది విప్పి దుప్పటిలా కప్పుకోవచ్చు, మన మైదానాలకు అదే హాయి. జిప్పు వెంట లోపలివైపు దూది నింపిన గొట్టంలాంటి పట్టీ ఉందో లేదో వేలితో తడిమి చూడండి. లేకపోతే జిప్పు పొడవునా చలిగాలి దూరుతుంది.

మార్చి తర్వాత గండికోటకైనా, కృష్ణా తీరానికైనా స్లీపింగ్ బ్యాగ్ మోయడం దండగ. రెండు లుంగీలు కలిపి మూడు వైపులా కుట్టించుకుంటే లైనర్, అంటే దూర్చుకుని పడుకునే పలచని సంచి, అయిపోతుంది. పట్టు లైనరైతే నూట యాభై గ్రాములకు మించదు. చలికాలంలో బ్యాగ్ లోపల వేసుకుంటే చెమట, మురికి బ్యాగుకు పట్టవు. లైనర్ వేస్తే ఎనిమిది డిగ్రీలు, పది డిగ్రీలు పెరుగుతుందని ప్యాకెట్ల మీద రాస్తారు. రెండు మూడుకు మించి లెక్కలోకి తీసుకోవద్దు. వేసవిలో కూడా దోమతెర ఉన్న టెంటు లేకుండా పడుకోవద్దు. ఏజెన్సీలో మలేరియా ఉంది. ఉత్త గడ్డి మీద దుప్పటి పరుచుకుని పడుకోవడం కూడా మంచిది కాదు, పొదల్లో, గడ్డిలో ఉండే కంటికానని పురుగు కాటుతో స్క్రబ్ టైఫస్ వస్తుంది.

దిండు సంగతి చిన్నదే. కానీ మెడ పట్టేస్తే మర్నాటి నడకంతా పాడవుతుంది. గాలి దిండు ఎనభై, వంద గ్రాములుంటుంది. దాన్ని సగమే నింపి, పైన మెత్తటి తువ్వాలు చుట్టండి. అదీ లేకపోతే బ్యాగ్ సంచిలో స్వెట్టర్ కూరి వాడుకోవచ్చు.

ఎక్కడ, ఎలా పడుకోవాలి

చల్లగాలి బరువైనది, నీళ్లలాగే పల్లానికి దిగుతుంది. వాగు పక్కన, లోయ అడుగున టెంటు వేస్తే అక్కడికే వచ్చి చేరుతుంది. కాస్త ఎత్తులో, గాలి తగలని వాలులో వేస్తే ఒకటి రెండు డిగ్రీల తేడా సులువుగా కనిపిస్తుంది. చెట్టు నీడన మంచు తక్కువ కురుస్తుంది. నేల వేడి ఆకాశంలోకి పోకుండా కొమ్మలు అడ్డుపడతాయి. ఎండుకొమ్మలు పైన లేవని మాత్రం తలెత్తి చూసుకోండి. టెంటు గాలి కిటికీలను చలి అని పూర్తిగా మూయవద్దు. మూస్తే లోపలి తేమ పోదు, తెల్లారేసరికి గోడలు కారుతుంటాయి. ముక్కు, నోరు బ్యాగ్ బయటే ఉండాలి. లోపలికి ఊపిరి వదిలితే ఆ తేమంతా దూదికే పడుతుంది.

టెంటు వేయగానే బ్యాగును సంచిలోంచి తీసి, దులిపి, మ్యాట్ మీద వదిలేయండి. పొంగడానికి అరగంటైనా పడుతుంది. నడిచినప్పుడు వేసుకున్న చెమట బట్టలతో పడుకోవద్దు. పొడి బనీను, పొడి మేజోళ్లు పడుకోవడానికే విడిగా పెట్టుకోండి. పడుకునే ముందు గుప్పెడు వేరుశెనగ గుళ్లో, ఒక పల్లీ చిక్కీయో తినండి. ఒంటికి వేడి కావాలంటే లోపల ఇంధనం ఉండాలి. మూత గట్టిగా పడే సీసాలో వేడి నీళ్లు పోసి, మేజోడు తొడిగి, తొడల మధ్య పెట్టుకుంటే గంటల తరబడి వెచ్చగా ఉంటుంది. ఒంటేలుకు వెళ్లాలనిపిస్తే బద్ధకించకుండా వెళ్లి రండి, బిగబట్టుకుని పడుకుంటే నిద్ర రాదు.

చలి ఎంతున్నా కుంపటి గానీ, గ్యాస్ పొయ్యి గానీ, ఆరిపోయినట్టు కనిపించే బొగ్గులు గానీ టెంటులోకి తేవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, రంగు ఉండదు. మత్తుగా నిద్ర పట్టినట్టే ఉంటుంది. తట్టి లేపడానికి పక్కన ఎవరూ లేని రాత్రి అది మరీ ప్రమాదం.

బయల్దేరే ముందు సామానంతా డాబా మీద వేసుకుని ఒక రాత్రి పడుకోండి. హైదరాబాద్‌లో డిసెంబరు చలి మంచి పరీక్షే పెడుతుంది. మ్యాట్ గాలి పోతోందా, జిప్పు బట్టలో ఇరుక్కుంటోందా, పక్కకు తిరిగితే తుంటి తగులుతోందా అన్నీ అక్కడే తేలిపోతాయి. చలేస్తే పది మెట్లు దిగితే ఇల్లుంది.

తిరిగొచ్చాక మ్యాట్ వాల్వు తెరిచి, బ్యాగును తిరగేసి నీడలో రెండు రోజులు ఆరనివ్వండి. చిన్న సంచిలో కుక్కి నెలల తరబడి అటక మీద పెడితే దూది చచ్చిపోతుంది, మునుపటిలా పొంగదు. సింథటిక్‌కు ఆ దెబ్బ ఇంకా ఎక్కువ. పెద్ద నూలు సంచిలోనో, రెండు పాత దిండు గలీబులు కలిపి కుట్టిన సంచిలోనో వదులుగా వేసి, అల్మరాలో వేలాడదీయండి. డౌన్ బ్యాగును బట్టల సబ్బుతో ఉతకవద్దు, నూగులోని సహజమైన నూనె పోతుంది. డౌన్ కోసం అమ్మే ద్రావణంతో, ముందు తలుపున్న వాషింగ్ మెషిన్‌లో నెమ్మదిగా తిప్పి, డ్రయర్‌లో తక్కువ వేడి పెట్టి, రెండు మూడు టెన్నిస్ బంతులు వేసి ఆరబెట్టాలి. ముద్దలన్నీ విడిపోయేదాకా, ఎంత లేదన్నా మూడు గంటలు పడుతుంది.